రాక్షసగుళ్లు గుహలు కావు: దామరవాయి రాతిగదులకు, సముద్రతీర గుహ సమాధులకు తేడా ఎక్కడ?

క్లుప్తంగా

ములుగు జిల్లా దామరవాయి గుట్టపై కనిపించే రాతిగదులు రాక్షసుల ఇళ్లూ కావు, గుహలూ కావు. ఇనుప యుగంలో మనుషులు రాతి పలకలతో కట్టిన సమాధులు. ప్రపంచంలో చాలాచోట్ల, ముఖ్యంగా సముద్రతీరపు సున్నపురాతి గుహల్లో, పూర్వికులు చనిపోయినవారిని సహజ గుహల్లోనే ఉంచారు. మృతులను ఎక్కడ ఉంచాలన్నది ఆచారం తేల్చిన విషయం. వేల ఏళ్ల తర్వాత ఏం మిగులుతుందన్నది చాలావరకు రాయి, మట్టి తేల్చిన విషయం. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే దామరవాయి గురించి గందరగోళం పెరుగుతోంది. చూడటానికి వెళ్లేవారి వల్ల కలిగే నష్టం కూడా రెండుచోట్లా ఒకేలా ఉండదు.

ఇప్పుడే ఎందుకీ చర్చ

2021లో రామప్ప ఆలయానికి యునెస్కో గుర్తింపు వచ్చాక హనుమకొండ నుంచి ములుగు వైపు వెళ్లే యాత్రికుల దారి కాస్త పొడవైంది. రామప్ప, లక్నవరం చూసి వెనక్కి తిరిగేవారు ఇప్పుడు తాడ్వాయి అడవుల దాకా వెళ్తున్నారు. భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టను భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025 మార్చిలో నారాయణపేట జిల్లా ముడుమాల నిలువురాళ్లు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. దాంతో బృహత్ శిలాయుగం, అంటే పెద్ద రాళ్లతో సమాధులు కట్టిన కాలం, అన్న మాట పాఠ్యపుస్తకం దాటి వార్తల్లోకి వచ్చింది.

దాని వెంటే వీడియోలూ వచ్చాయి. ఒకరు వీటిని ఆదిమానవుల గుహలు అంటారు, ఇంకొకరు మరుగుజ్జుల ఇళ్లు అంటారు. ఇంత బరువున్న పలకలను మామూలు మనుషులు ఎత్తలేరు కాబట్టి రాక్షసులే కట్టారని మరొకరి వాదన. ఊళ్లో రాక్షసగుళ్లు, పాండవగుళ్లు అనే పేర్లు తరాలుగా ఉన్నవే, వాటితో ఇబ్బందేమీ లేదు. ఆ పేర్లనే చరిత్రగా చెప్పడంతోనే చిక్కు.

గుట్టపై ఉన్నదేమిటి

దామరవాయి తాడ్వాయి మండలంలో, మేడారం జాతర జరిగే అటవీ ప్రాంతంలోనే ఉంది. గుట్టపై వందకు పైగా రాతిగదులున్నాయి. నిర్మాణం సాదాగా ఉంటుంది. నాలుగు వైపులా పలకలు నిలబెట్టి, పైన ఒక పెద్ద పలకను కప్పుగా వేశారు. పురావస్తు శాస్త్రంలో వీటిని డోల్మెన్లు అంటారు. గోదావరి లోయలోని కొన్ని సమాధుల్లో ఒకే రాయిని తొలిచి చేసిన తొట్టి కూడా ఉంటుంది, అదే శవపేటిక. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేటలోనూ ఇదే తరహా సమాధులున్నాయి. ఆ స్థలం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఇదే అటవీ పట్టీలో కాటాపూర్, గలబ, దొంగతోగు వంటి చోట్ల మనిషి ఆకారాన్ని తలపించే నిలువురాళ్లు బయటపడ్డాయి. కొన్ని శిలువలా కనిపిస్తాయి గానీ క్రైస్తవంతో వాటికి సంబంధం లేదు. అవి అంతకంటే చాలా పాతవి.

దక్షిణ భారతంలో ఇలాంటి సమాధులు స్థూలంగా క్రీ.పూ. 1000 ప్రాంతం నుంచి క్రీ.శ. తొలి శతాబ్దాల వరకు కట్టారు. అప్పటికే ఇక్కడివారికి ఇనుము తెలుసు, వ్యవసాయం తెలుసు, పశువుల పెంపకం తెలుసు. సమాధుల్లో లోపల నలుపు, బయట ఎరుపు ఉండే కుండలు, ఇనుప కత్తులు, బాణపు ములుకులు, పూసలు దొరుకుతాయి. ఇళ్లు మాత్రం కర్రతో, మట్టితో, గడ్డితో వేసుకున్నారు కాబట్టి అవి మట్టిలో కలిసిపోయాయి. బతికున్నవారి గుడిసె పోయి చనిపోయినవారి రాతిగది మిగలడంతో, చూసేవారికి ఆ రాతిగదే ఇల్లనిపిస్తోంది. పొట్టివాళ్ల ఊరు అన్న కథ పుట్టింది ఇక్కడి నుంచే.

ఇక బరువు సంగతి. ఘనమీటరు ఇసుకరాయి సుమారు 2.4 టన్నులు తూగుతుంది. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం ఉన్న పలక అంటే 0.6 ఘనమీటర్లు, దాదాపు ఒకటిన్నర టన్ను. మోకులు, గడకర్రలు, కింద దొర్లించడానికి దుంగలు ఉంటే ముప్పై నలభై మంది కదిలించగల బరువే ఇది. ఇంతకంటే పెద్ద రాళ్లూ ఉన్నాయి. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపినప్పుడు ఒక సమాధి కప్పురాయి సుమారు 40 టన్నులు ఉంటుందని అంచనా వేసి, దాన్ని తీయడానికి క్రేన్ తెప్పించారు. ఆ రాయి అక్కడికి చేరిందంటే వందలమందిని ఒకచోట చేర్చి, తిండి పెట్టి, పని చేయించగల వ్యవస్థ ఉండి ఉండాలి. రాక్షసులు కట్టారనుకుంటే ఈ ఆలోచనకే తావుండదు.

సముద్రం పక్కన గుహ ఎలా ఏర్పడుతుంది

పోలిక కోసం ఫిలిప్పీన్స్‌లోని పలావన్ ద్వీపం వైపు చూడవచ్చు. ఆ ద్వీపపు పశ్చిమ తీరంలో లిపూన్ పాయింట్ అనే సున్నపురాతి కొండ ఉంది. అందులోని గుహల సముదాయమే టాబోన్. 1962లో పురావస్తు శాస్త్రవేత్త రాబర్ట్ ఫాక్స్ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టినప్పుడు వేల ఏళ్ల నాటి మానవ పుర్రె భాగం దొరికింది. 1964లో ఆ సముదాయంలోని మనుంగుల్ గుహలో ఒక సమాధి కుండ బయటపడింది. అది క్రీ.పూ. 890-710 మధ్యకాలానిదని అంచనా. అంటే దామరవాయి తరహా సమాధులు దక్కన్‌లో వెలుస్తున్న రోజులే.

సున్నపురాయికి ఒక బలహీనత ఉంది. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని పలుచని ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు పగుళ్లలోకి దిగుతూ రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. పగులు సందుగా, సందు గదిగా మారుతుంది. తీరంలో ఇంకో రెండు శక్తులు దీనికి తోడవుతాయి. నేలలోని మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలిసే చోట రాయి మరింత వేగంగా కరుగుతుంది. అలలు కొండ అడుగును కోస్తాయి. తర్వాత సముద్రమట్టం తగ్గినా, నేల పైకి లేచినా గుహ పొడిబారి మనుషులకు పనికొస్తుంది.

కరిగిన సున్నం ఊరికే పోదు. నీరు గుహ కప్పు నుంచి చుక్కచుక్కగా కారుతూ మళ్లీ సున్నాన్ని వదులుతుంది. బోరు నీళ్లు రోజూ మరిగించే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం కూడా ఈ రసాయన చర్యే. గుహలో ఆ పొర నేలమీద పరుచుకుని, కింద ఉన్న ఎముకలకూ కుండలకూ మూతలా పనిచేస్తుంది. అందులోని యురేనియం, థోరియం నిష్పత్తిని బట్టి ఆ పొర వయసు లెక్కగట్టవచ్చు. అలా దాని కింద ఉన్న వస్తువు కనీసం ఎంత పాతదో తెలుస్తుంది.

తీర గుహ అన్న మాటను కూడా కొంచెం జాగ్రత్తగానే వాడాలి. సుమారు 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు, ప్రపంచ సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు తక్కువగా ఉండేది. నేడు గుహ ముఖద్వారం దగ్గర నిలబడితే కనిపించే నీరు అప్పట్లో ఎక్కడో దూరాన ఉండేది, మధ్యలో మైదానం ఉండేది. మనుంగుల్ కుండ నాటికి మాత్రం సముద్రం దాదాపు నేటి చోటికి వచ్చేసింది. ఆ కుండ మూతపై పడవ బొమ్మ ఉండటంలో ఆశ్చర్యం లేదు. పడవలో ముందు కూర్చున్న మనిషి చేతులు ఛాతీపై కట్టుకుని ఉంటాడు, వెనకవాడు తెడ్డు వేస్తుంటాడు. చనిపోయినవారి ప్రయాణాన్ని ఆ సమాజం సముద్ర ప్రయాణంగా ఊహించిందని పండితుల వివరణ.

గోదావరి లోయలో అలాంటి గుహలు ఎందుకు లేవు

ఉత్తర తెలంగాణలో సున్నపురాయి లేదనడం సరికాదు. దేవాపూర్, బసంత్‌నగర్, మంచిర్యాల సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడ వెలిసిందే దానికోసం. కానీ దామరవాయి, పాండవుల గుట్ట ప్రాంతాల్లో కొండలు కట్టింది ఇసుకరాయి. దాని రేణువులు ఎక్కువగా క్వార్ట్జ్, వాన నీటికి అవి కరగవు. గాలి, నీరు, ఎండ కలిసి పగుళ్ల వెంట రాయిని రేకులుగా రాలుస్తాయి, అంచులను తొలుస్తాయి. దానివల్ల గొడుగులా ముందుకు వంగిన చరియలు, కొద్ది లోతున్న నెర్రెలు ఏర్పడతాయి గానీ చీకటి గదులు ఏర్పడవు.

పాండవుల గుట్టలో జనం గుహలని పిలిచేవి ఇలాంటి చరియలే. వెలుతురు పడుతుంది, గాలి ఆడుతుంది, నేలపై మట్టి పేరుకోదు. సమాధికి అంత అనుకూలం కాదు గానీ బొమ్మలు వేయడానికి భేషుగ్గా ఉంటుంది. 1990లో వెలుగులోకి వచ్చిన అక్కడి చిత్రాల్లో జంతువులు, చేపలు, తేనెపట్టు వంటివి ఎర్ర రంగుతో కనిపిస్తాయి. ఆ రంగు ఇనుప ఆక్సైడ్, అందుకే ఇంతకాలం నిలిచింది.

అయితే గుహ ఇవ్వని అదే ఇసుకరాయి మరొకటి ఇచ్చింది. అది పొరలు పొరలుగా పేరుకున్న రాయి. పొరల మధ్య సందులో మేకులు దిగగొడితే చదునైన పలకగా విడిపోతుంది. గోదావరి పక్క పలకలతో కట్టిన గదులు ఎక్కువగా కనిపించడానికి ఇదే కారణం. పడమరగా సిద్దిపేట, కరీంనగర్ వైపు వెళ్తే నేల గ్రానైటు. అక్కడ సమాధి నేలలోపల ఉంటుంది, పైన గుండ్రాళ్లను వలయంగా పేర్చి గుర్తు పెడతారు. కాలం ఇంచుమించు అదే, నమ్మకాలూ దగ్గరివే కావచ్చు. దొరికిన రాయిని బట్టి సమాధి రూపం మారింది.

రాయి ఒక్కటే కారణమా

ఇక్కడ ఒక తేలికైన వివరణ ఎదురొస్తుంది: గుహలు లేవు కాబట్టి కృత్రిమ గుహలు కట్టుకున్నారు. వినడానికి బాగుంటుంది గానీ కర్నూలు, నంద్యాల ప్రాంతాన్ని చూస్తే ఆ వివరణ నిలవదు. అక్కడ బెలూం గుహ ఉంది, బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. 1880లలో భూవిజ్ఞాన శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ బిల్లసర్గంలో తవ్వించి పురాతన జంతువుల ఎముకలు వెలికితీశారు. అంటే గుహలూ ఉన్నాయి, ఎముకలను కాపాడే సున్నపురాయీ ఉంది. అయినా ఆ ప్రాంతపు ఇనుప యుగం వాళ్లు చనిపోయినవారి కోసం రాతి సమాధులే కట్టారు.

కాబట్టి గుహను వాడకపోవడం ఒక ఎంపిక. సమాధి ఊరికి, పొలానికి, దారికి దగ్గరగా, పదిమందికీ కనిపించేలా ఉండాలన్న కోరిక దాని వెనక ఉండవచ్చు. గుహలో పెట్టిన కుండను చూడాలంటే కొండెక్కి లోపలికి వెళ్లాలి. గుట్టపై వరుసగా నిలిచిన రాతిగదులు మాత్రం ఈ నేల మా పెద్దలది అని దూరం నుంచే చాటుతాయి. బృహత్ శిలా సమాధులను భూమిపై హక్కుకు గుర్తులుగా చూసే వాదన ప్రపంచంలో చాలాచోట్ల ఉంది, గోదావరి లోయకూ అది సరిపోతుంది. బస్తర్ గోండుల్లో చనిపోయినవారికి రాళ్లు నిలిపే ఆచారం ఈమధ్య దాకా కొనసాగింది. ఇనుప యుగానికీ ఆ ఆచారానికీ నేరుగా ముడిపెట్టేంత ఆధారం మాత్రం లేదు.

ఎముకలు ఎక్కడికి పోయాయి

దామరవాయి వెళ్లినవారు తరచూ అడిగే ప్రశ్న ఇది. సమాధులైతే అస్థిపంజరాలు ఏవి?

ఎముకలో గట్టిభాగం కాల్షియం ఫాస్ఫేట్. ఆమ్ల గుణం ఉన్న తేమలో అది కరిగిపోతుంది. ఇసుకరాయి అరిగి ఏర్పడిన నేలలో సున్నం తక్కువ, నీరు నిలవకుండా జారిపోతుంది. ఏటా వానాకాలంలో ఆకులు కుళ్లిన నీరు అందులోంచి దిగుతూ ఎముకను కొంచెం కొంచెం తీసుకెళ్తుంది. సున్నపురాతి గుహలో నీటిలో ముందే కాల్షియం నిండుగా ఉంటుంది, ఆమ్లం విరిగిపోతుంది, ఎముక నిలుస్తుంది. రాతిగది నేలమీద తెరిచి ఉండటం మరో నష్టం. నక్కలూ దుమ్ములగొండులూ లోపలికి దూరగలవు. వాటికంటే ఎక్కువ నష్టం చేసింది గుప్తనిధుల కోసం తవ్వినవాళ్లు. ఈ సమాధుల్లో బంగారం రాశులు ఉండవు. మట్టికుండ, తుప్పుపట్టిన ఇనుము, ఎముక ముక్కలు, ఎప్పుడైనా కొన్ని పూసలు, అంతే. తవ్వినవాళ్లకు అవి చెత్త, కాలనిర్ణయానికి అవే ప్రాణం.

నేలలోపల, బరువైన కప్పురాయి కింద ఉన్న సమాధుల పరిస్థితి కొంత నయం. నర్మెట్టలో మానవ ఎముకలు దొరకడానికి అది ఒక కారణం. అయినా వేడి దేశంలో డీఎన్ఏ త్వరగా ముక్కలైపోతుంది, కాబట్టి ఎముక దొరికిన ప్రతిచోటా వంశచరిత్ర దొరుకుతుందని ఆశించలేం.

సున్నపురాతి గుహ అన్నిటినీ కాపాడుతుందన్నదీ పూర్తి నిజం కాదు. కెన్యా తీరప్రాంతంలోని పంగా యా సైదీ గుహలో 78 వేల ఏళ్ల కిందట పూడ్చిన చిన్నపిల్ల అవశేషాల సంగతి 2021లో ప్రకటించారు. బిడ్డ వయసు రెండున్నర, మూడేళ్లు. ఎముకలు ఎంత పెళుసుబారాయంటే అక్కడ విడదీసే వీల్లేక చుట్టూ ప్లాస్టర్ పోసి మట్టిముద్దగానే ప్రయోగశాలకు తీసుకెళ్లారు.

రెండు విడతల అంత్యక్రియ

గోదావరి లోయకూ పలావన్‌కూ మధ్య అసలైన పోలిక ఇక్కడుంది. మనుంగుల్ కుండ ఎత్తు 66.5 సెంటీమీటర్లు. అందులో పెద్దమనిషి శరీరం పట్టదు. ముందు శరీరాన్ని వేరేచోట ఉంచి, మాంసం పోయాక ఎముకలు ఏరి కుండలో పెట్టారు. దక్కన్ బృహత్ శిలా సమాధుల్లోనూ చాలాచోట్ల ఇదే పద్ధతి. ఒకే గదిలో ఒకరికి మించి మనుషుల ఎముకలు, అదీ కొన్ని ఎముకలే, దొరకడం సాధారణం.

కొన్ని రాతిగదుల పక్క పలకకు గుండ్రటి రంధ్రం ఉంటుంది. మరుగుజ్జుల కథకు అదే తలుపు. ఎముకలను, నైవేద్యాన్ని తర్వాత్తర్వాత లోపల పెట్టడానికి అది పనికొచ్చి ఉంటుందన్నది బలమైన వివరణ. అంటే సమాధి ఒక్కసారి మూసేసేది కాదు, కుటుంబమో కులమో మళ్లీమళ్లీ వచ్చే చోటు. నేటికీ అస్థికలు ఏరడం, కర్మ చేయడం వేర్వేరు రోజుల్లో జరిపే సమాజానికి ఈ పద్ధతి అంత వింతేమీ కాదు.

చూడటానికి వెళ్తే ఏం దెబ్బతింటుంది

సున్నపురాతి గుహకు మనిషి ఊపిరే శత్రువు. మూసిన గదిలో వందలమంది వదిలే కార్బన్ డయాక్సైడ్, తేమ, శరీరపు వేడి లోపలి సమతుల్యాన్ని చెడగొడతాయి. దీపాలు పెడితే గోడలపై నాచు పడుతుంది. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను 1963లో సందర్శకులకు మూసేయాల్సి వచ్చింది ఇందుకే. టాబోన్‌లోనూ మొత్తం గుహల్లో కొన్నింటినే, మార్గదర్శకుల వెంట చూపిస్తారు.

దామరవాయికి ఈ సమస్య లేదు. ఆరుబయట రాతికి ఊపిరితో వచ్చే ముప్పు లేదు. ఇక్కడి ముప్పు తూకానిది. నిలువు పలకల మీద కప్పు పలక తన బరువుతోనే నిలిచి ఉంటుంది, సున్నం లేదు, సిమెంటు లేదు. ఫొటో కోసం ఇద్దరు ముగ్గురు పైకెక్కినా, పక్క పలకను ఆనుకుని నెట్టినా బరువు పడే చోటు మారుతుంది. అడుగున మట్టి ఇప్పటికే తవ్వేసి ఉంటే ఒక వానాకాలంలో గది ఒరిగిపోతుంది. అక్కడక్కడ పడిన కుండపెంకులను జేబులో వేసుకోవడం రెండో నష్టం. పెంకు ఏ గది పక్కన, ఎంత లోతున ఉందన్నదే దాని విలువ, ఇంట్లో షోకేసులో అది వట్టి పెంకు. పాండవుల గుట్టలో చిత్రాల మీద నీళ్లు చల్లి ఫొటో తీసే అలవాటు కూడా ప్రమాదకరమే. తడి ఆరినప్పుడు రాతిలోని లవణాలు పైకొచ్చి రంగుపొరను రాలుస్తాయి.

చట్టాలు లేక కాదు. 1878 నాటి గుప్తనిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైన పాతర దొరికితే కలెక్టరుకు తెలపాలి. కేంద్ర రక్షిత స్థలాల చుట్టూ వంద మీటర్లలో నిర్మాణాలు నిషేధం, ఆపై రెండు వందల మీటర్లలో అనుమతి తప్పనిసరి. రాష్ట్రానికి 2017 నాటి వారసత్వ చట్టం ఉంది. అడవిలో ఉన్నవాటికి అటవీ చట్టాలు అదనపు రక్ష.

వీటిలో చాలా రక్షణలు జాబితాలోకి ఎక్కిన స్థలాలకే. సిద్దిపేట, కరీంనగర్ పల్లెల్లో పొలాల మధ్య ఉన్న రాతి వలయాలకు గుట్టా లేదు, అడవీ లేదు, బోర్డూ లేదు. చదును చేయడానికి ట్రాక్టరు దిగితే ఒక్క పూటలో వలయం మాయమవుతుంది. గుండ్రాళ్లు గట్టుకో, కంకర మిల్లుకో పోతాయి. రైతు కోణంలో అది దున్నకానికి అడ్డు, కాపాడితే వచ్చే లాభమేమీ లేదు. దామరవాయికి రోడ్డు, స్వాగత తోరణం కావాలన్న డిమాండు వార్తల్లో కనిపిస్తుంది గానీ, ఈ వలయాలను సర్వే నంబర్ల వారీగా గ్రామ పటాల్లో గుర్తించాలన్న మాట అరుదుగా వినిపిస్తుంది. ఖర్చు తక్కువ, ముందు జరగాల్సింది ఆ పనే. భూమి చేతులు మారేటప్పుడైనా, వెంచరు వేసేటప్పుడైనా అక్కడ సమాధి ఉందని కాగితం మీద కనిపించాలి. దామరవాయి, జానంపేటల విషయంలోనైతే రోడ్డు కంటే ముందు తెలుగులో ఒక వివరణ పలక, పైకెక్కకుండా చుట్టూ చిన్న కంచె, దారి తెలిసిన స్థానిక కోయ యువకులకు మార్గదర్శకులుగా శిక్షణ అవసరం.